'క్రమశిక్షణ లేదు' అంటే సరిపోదు: మార్కస్ డూప్రీ డాక్యుమెంటరీపై చర్చ

సంధానకర్త: నమస్కారం. 2010లో క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్ '30 ఫర్ 30' డాక్యుమెంటరీల వరుసలో జోనథన్ హాక్ తీసిన 'ద బెస్ట్ దట్ నెవర్ వాజ్' మీద ఇవాళ్టి చర్చ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు, మార్కస్ డూప్రీ కథ ఇది. మేడమ్, ఈ తరహా డాక్యుమెంటరీలు ఎక్కడ దెబ్బతింటాయి?

ఎడిటర్: మొదటి పావుగంటలోనే అండి. మిసిసిపీలో ఫిలడెల్ఫియా అనే చిన్న ఊరు, స్కూలు ఆటలో 87 టచ్‌డౌన్లు, అంటే అన్నిసార్లు బంతిని ప్రత్యర్థి గీత దాటించడం. ఆ పరుగులు చూస్తుంటే కోయబుద్ధి కాదు. తీరా ఎందుకు ఆగిపోయాడో చెప్పాల్సిన చోట టైం ఉండదు, 'క్రమశిక్షణ లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. హాక్ అలా చెయ్యలేదు. డూప్రీ పుట్టిన 1964లోనే ఆ ఊరి దగ్గర ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల్ని చంపేశారు. అలాంటి ఊరు ఒక నల్లజాతి కుర్రాడి మీద ఎంత బరువు పెట్టిందో ముందు చూపించి, తర్వాతే హాక్ అతని కాలేజీ కథలోకి వెళ్తాడు.

సంధానకర్త: డూప్రీ చేరిన ఓక్లహోమా యూనివర్సిటీలో అసలేం జరిగింది?

క్రీడా విశ్లేషకుడు: 1983 జనవరి 1న ఫియెస్టా బౌల్ అనే కాలేజీ మ్యాచ్. అరిజోనా స్టేట్ మీద 17 క్యారీల్లోనే 239 గజాలు, అంటే బంతి పట్టిన ప్రతిసారీ సగటున 14 గజాలు. అయినా జట్టు 32-21తో ఓడింది. ఒళ్లు పెంచుకుని వచ్చాడని కోచ్ బ్యారీ స్విట్జర్‌కు కోపం. అదే ఏడాది అక్టోబరులో డూప్రీ కాలేజీ వదిలేశాడు. అక్కడి నుంచి అప్పటి నిబంధనల చిక్కు. సదరన్ మిసిసిపీ యూనివర్సిటీకి మారితే ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాలి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్దామంటే తన తోటివాళ్ల చదువు పూర్తయ్యే దాకా తీసుకోరు. అప్పటికి తలుపు తెరిచి ఉన్నది కొత్త లీగ్ యూఎస్ఎఫ్ఎల్ ఒక్కటే. 1984లో న్యూ ఆర్లీన్స్ బ్రేకర్స్‌లో చేరాడు, మరుసటి ఏడాదే మోకాలు పోయింది. దీన్ని వ్యక్తిత్వ లోపం అని సరిపెట్టడం అన్యాయం.

ఫిజియోథెరపిస్ట్: ఆ మోకాలి దగ్గర కెమెరా ఇంకాసేపు ఆగితే బాగుండేది. రన్నింగ్ బ్యాక్ పాదం నేలకు అదిమి ఒక్కసారిగా దిశ మారుస్తాడు. పాదం అక్కడే ఉండిపోయి ఒళ్లు తిరిగితే ఆ మెలి మొత్తం మోకాలి లిగమెంట్ల మీదే పడుతుంది. ఇవాళ ఏసీఎల్ అనే మోకాలి లిగమెంట్‌కు సర్జరీ అయితే కనీసం 9 నెలలు ఆపుతాం. తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి రావాలి, ఒంటికాలి గెంతు పరీక్షలు పాసవ్వాలి. డూప్రీ ఐదేళ్ల తర్వాత, 1990లో ఎన్ఎఫ్ఎల్ జట్టు రామ్స్‌తో మళ్లీ ఆటలోకి వచ్చాడు. రెండు సీజన్లలో 68 క్యారీలు, 251 గజాలు. సగటు నాలుగు గజాలు కూడా లేదు. ఫియెస్టా బౌల్ అంకె పక్కన ఈ అంకె పెడితే ఏం పోయిందో ఎవరికైనా అర్థమవుతుంది.

సంధానకర్త: కొత్తగా తీసేవాళ్లు ఏం చూసుకోవాలి?

ఎడిటర్: కోచ్‌ల కోసం తీసిన పాత 16 ఎం.ఎం. రీళ్లు దొరికాయని మురిసిపోకండి. 400 అడుగుల రీలు 11 నిమిషాలే వస్తుంది. ఫిల్మ్ ఖరీదు, అందుకే ప్లే, అంటే బంతి ఆటలో ఉండే ఆ కొన్ని సెకన్లు, మొదలవగానే ఆన్, విజిల్ పడగానే ఆఫ్. ఆటగాడు కిందపడ్డాక ఎలా లేచాడు, కుంటుతున్నాడా అన్నది అందులో ఉండదు. గాయం మొదలైన ఆనవాళ్లు టీవీ ప్రసారం ముడి టేపుల్లో వెతకాలి, అదీ ప్లేకీ ప్లేకీ మధ్య.

సంధానకర్త: ఇంటర్వ్యూ ముందా, ఫుటేజ్ ముందా?

ఎడిటర్: ముందు తేదీలు, మ్యాచ్ అంకెలు, కాంట్రాక్టులు ఒక వరుసలో పెట్టుకోవాలి. జ్ఞాపకం సంవత్సరాలు కలిపేస్తుంది. తర్వాత ఆటగాణ్ని కూర్చోబెట్టి, ప్రశ్న అడగకుండా ఆ ఫుటేజ్ ఆడించి, అతని ముఖం మీద కెమెరా ఉంచాలి. ప్రసార హక్కులు సెకన్ల లెక్కన అమ్ముతారు కాబట్టి, ఏ షాట్ కొనాలో ఆ తర్వాతే నిర్ణయించుకోవాలి.