ఎత్తు కాదు, చేసిన పని చూసి ఎంచుకోండి

మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కుక్కను పెంచుకోవడంతో ఆగకుండా ఒబీడియన్స్ (ఆజ్ఞలు పాటించే) పోటీలకు, అజిలిటీకి (అడ్డంకులు దాటే పరుగుకు), ట్రాకింగ్‌కు (వాసన పట్టి జాడ తీయడానికి) తీసుకెళ్లాలని ఉత్సాహపడేవారు ఉన్నారు. వారు తరచూ అడిగేది ఒకటే: "బోర్డర్ కోలీని మా ఇంట్లో పెంచలేం. అంత చురుకైనదే, కాస్త చిన్నది ఏదైనా ఉందా?" ఉన్నాయి, మంద కాసే జాతుల్లోనే చాలా ఉన్నాయి. అయితే ఎత్తు చూసి ఎంచుకోవద్దని నా మనవి. ఆ జాతి తరతరాలుగా ఏ పశువుల వెంట ఎలాంటి పని చేసిందో ముందు తెలుసుకోండి. రేపు పోటీలో బయటపడేది ఆ స్వభావమే.

పెంబ్రోక్ వెల్ష్ కార్గీని తీసుకుందాం. భుజం దగ్గర 10 నుంచి 12 అంగుళాలకు మించదు. కానీ వేల్స్‌లో అది తోలింది ఆలమందలను. ఆవు మడమను కొరికి, అది కాలు విసిరేలోగా నేలకు అణిగిపోవడం దాని విద్య. అంత పెద్ద పశువుకే వెరవని కుక్క కొత్త మైదానానికి, జనం సందడికి సులభంగా తొణకదు. తిండి మీద ఆశ ఎక్కువ కాబట్టి శిక్షణ సాగుతుంది. అదే ఆశ ఒళ్లు పెంచి, పొడవైన వెన్నుకు చేటు తెస్తుంది. వయసు మళ్లాక వెనక కాళ్లు చచ్చుబడే జబ్బు ఈ జాతిలో ఉంది. దానికి సంబంధించిన జన్యు పరీక్ష తల్లిదండ్రులకు చేయించారో లేదో బ్రీడరును మొహమాటం లేకుండా అడగండి.

షెట్లాండ్ షీప్‌డాగ్ సంగతి వేరు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న దీవుల్లో గొర్రెలు పంట మీద పడకుండా మొరిగి తరమడం దాని పని. అందుకే మొరుగుడు దాని రక్తంలో ఉంది. దాన్ని పూర్తిగా మాన్పించాలని చూడకండి. కానీ యజమాని ముఖకవళికలు చదవడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. నా మొగ్గు దాని వైపే. అయితే గొంతు పెంచితే ముడుచుకుపోతుంది. పోటీలో నోట కరిచి తేవాల్సిన డంబెల్ గట్టి నేల మీద టంగుమని పడితే బెదిరి, దాన్ని తాకడానికే జంకే కుక్కపిల్లలూ ఉంటాయి. కుక్కపిల్లను చూడటానికి వెళ్లినప్పుడు తాళంచెవుల గుత్తి కొంచెం దూరంగా పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. తేరుకుని వచ్చి వాసన చూస్తుందా, లేదా? చూడాల్సింది అది.

ఈ జాతిలో మరో వెసులుబాటు ఉంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం ఎత్తు 13 నుంచి 16 అంగుళాల మధ్యే ఉండాలి. 16 దాటితే అందాల పోటీకి పనికిరాదు. ఒబీడియన్స్‌కు, అజిలిటీకి ఏ అడ్డూ లేదు. మంచి వంశంలో పుట్టి, ఎత్తు పెరిగిపోయిన కుక్క ఉందేమో బ్రీడరును అడిగి చూడండి.

మినియేచర్ అమెరికన్ షెపర్డ్‌ను 1960ల చివర కాలిఫోర్నియాలో చిన్న ఆస్ట్రేలియన్ షెపర్డ్‌ల నుంచి తయారుచేశారు. 2015లో కెన్నెల్ క్లబ్ పూర్తి గుర్తింపు ఇచ్చింది. హంగరీకి చెందిన ముడీకి 2022లో ఆ గుర్తింపు దక్కింది. ముడీ వేగం చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఇంట్లో ఖాళీగా కూర్చోబెడితే తన పని తానే వెతుక్కునే కుక్క అది. మొదటి కుక్కగా వద్దంటాను.

ఇక పోటీ మాట. ప్రారంభ స్థాయి ఒబీడియన్స్‌లో మొత్తం 200 మార్కులు. 170 రావాలి, ప్రతి అంశంలోనూ సగానికి మించి రావాలి. అలా మూడుసార్లు నెగ్గితే తొలి బిరుదు. పై స్థాయిల్లో దూకాల్సిన ఎత్తును కుక్క ఎత్తును బట్టే పెడతారు కనుక అక్కడ చిన్న కుక్కకు నష్టం లేదు. నష్టం వచ్చేది పక్కన నడిచేటప్పుడు. పెద్ద కుక్క తల మన తొడ దగ్గరే ఉంటుంది. కార్గీ తల మోకాలి కిందికి పోతుంది. అది ఎక్కడుందో చూద్దామని మనం ఎడమ భుజం వంచుతాం. ఆ వంగిన భుజం మీదికి వస్తున్నట్టు తోచి కుక్క పక్కకు జరుగుతుంది, వెనకబడుతుంది. మార్కులు అక్కడే పోతాయి. అందుకే మొదట కుక్క లేకుండా, అద్దం ముందు నిటారుగా నడవడం సాధన చేయండి. డంబెల్ కూడా దాని నోటికి తగినదే కొనండి. చివరి దిమ్మెలు మరీ చిన్నవైతే కడ్డీ నేలకు ఆనుకుంటుంది, దాని కిందికి దవడ దూరదు.

రక్షణ విభాగం కూడా ఉండే జర్మన్ పోటీలను కోరుకునేవారు మరోసారి ఆలోచించండి. అక్కడ పై స్థాయిలో దశాబ్దాల పాటు 2 కిలోల డంబెల్ మోయించారు. ఆ ఆట పెద్ద కుక్కల కోసం పుట్టింది.

చివరిగా ఒక ముఖ్యమైన జాగ్రత్త. షెట్లాండ్ షీప్‌డాగ్‌లు, మినియేచర్ అమెరికన్ షెపర్డ్‌లు కొన్నింటిలో ఎండీఆర్1 అనే జన్యువు లోపంతో ఉంటుంది. అలాంటి కుక్కకు పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ మందు ఎక్కువ మోతాదులో ఇస్తే మెదడుకు ముప్పు. గుండెపురుగు రాకుండా నెలనెలా ఇచ్చే చిన్న మోతాదుతో ఆ భయం లేదు. కానీ మన ఊళ్లలో గజ్జికి, పిడుదులకు ఆ ఇంజెక్షన్ వాడకం ఎక్కువ. విరేచనాలకు మనం వేసుకునే లోపరమైడ్ కూడా వాటికి ప్రమాదమే. బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనా చాలు, పరీక్ష చేస్తారు. ఆ ఫలితం కాగితం పశువైద్యుడి దగ్గర ఒకటి, మీ పోటీ సంచిలో ఒకటి ఉంచండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ జాతుల కుక్కలున్న మీ బంధువులకు ఈ రాత్రే ఫోను చేసి చెప్పండి.