ఏటి చేపకు ఏరు కావాలి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని వచ్చిన కుర్రాళ్లకూ నమస్కారం. నన్ను పెద్ద చేపల ట్యాంకుల్లో ఫిల్టర్ల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఈ చిన్న డబ్బా చూడండి. ఇందులో ఉన్నది పయారా కోర. ముందు వరసవాళ్లు చూసి వెనక్కి అందించండి.

పయారా దక్షిణ అమెరికా చేప. అమెజాన్, ఒరినోకో నదులు దాని ఇల్లు. కింది దవడకి రెండు పొడుగాటి కోరలుంటాయి. నోరు మూస్తే అవి పై దవడలోని రంధ్రాల్లోకి దిగిపోతాయి. మూడడుగుల దాకా పెరిగే చేప. రాళ్ల మీద నీళ్లు విరిగిపడే చోట, ఒరవడికి ఎదురు నిలిచి వేటాడుతుంది.

పదకొండేళ్ల కిందట నేనొకటి కొన్నాను. జానెడు పిల్ల. అమ్మినాయన "ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. నమ్మాను. ఆ మాట ఈరోజుకీ షాపుల్లో వినిపిస్తోంది. దయచేసి మీరు నమ్మకండి. ఇరుకు ట్యాంకులో చేప చిన్నగా ఉండిపోదు, గిడసబారి చస్తుంది.

నాది ఆరడుగుల ట్యాంకు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండా పోస్తే 680 లీటర్లు. మంచి ఫిల్టరే పెట్టాను, నీళ్లు అద్దంలా ఉండేవి. అయినా ఆ చేప ట్యాంకంతా వదిలేసి, ఫిల్టర్ నీళ్లు వచ్చి పడే గొట్టం ముందే నిలబడేది. మూతి గొట్టం వైపు. ఒళ్లు కదలదు, తోక ఒక్కటే సన్నగా ఆడుతుండేది. ఇంటికొచ్చినవాళ్లకి "దీనికి ఆ మూలంటే ఇష్టం" అని చెప్పేవాణ్ని. ఇష్టం కాదండీ. అంత ట్యాంకులో నీరు నిజంగా కదిలేది ఆ అరచేతి వెడల్పులోనే. దానికి మిగిలిన ఏరు అదే.

నీళ్ల చప్పుడుకి నిద్ర పట్టడం లేదని ఒకరోజు ఇంట్లో అంటే, ఆ గొట్టాన్ని అద్దం వైపు తిప్పేశాను. చప్పుడు ఆగింది. మర్నాటి నుంచి చేప ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడం మొదలుపెట్టింది. మూతి అద్దానికి కొట్టుకుని తెల్లబడింది. తిండి మానేసింది. మూడో వారంలో పోయింది. అప్పటికి అడుగు పొడవు. ఆ తర్వాత ఇసుక శుభ్రం చేస్తుంటే, పైపులో టిక్కుమని తగిలింది ఈ కోర.

పయారా ట్యాంకులో బతకడం కష్టమేనని, చాలావరకు అడుగు దాటకుండానే పోతాయని పెంచినవాళ్లందరూ చెబుతారు. గొట్టం తిప్పడం ఒక్కటే కారణమని నేననను. కానీ తిప్పింది నేనే.

ఫిల్టర్ల దగ్గరికి వస్తాను. ఫిల్టర్ నీళ్లను శుభ్రం చేస్తుంది. ఒరవడి పుట్టించడం వేరే పని, దానికి వేరే పంపులు కావాలి. పంపు అట్టపెట్టె మీది లీటర్ల లెక్క నీటిని పైకి ఎత్తే పని లేనప్పటిది. ఎత్తు పెరిగేకొద్దీ అది పడిపోతుంది. అందుకని మీరే కొలుచుకోండి. తేలే మేత గింజ ఒకటి ఒక చివర వేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ఆరడుగులంటే 183 సెంటీమీటర్లు. గింజ ఆరు సెకన్లలో అవతలికి చేరితే సెకనుకి 30 సెంటీమీటర్లు, అంటే అడుగు చేపకి సెకనుకి ఒక ఒంటి పొడవు. సాల్మన్ జాతి చేపల మీద చేసిన పరిశోధనల్లో ఇంచుమించు ఆ వేగానికి ఎదురీదిన చేపలు బాగా పెరిగాయి, కొట్లాటలూ తగ్గాయి. గింజ చూపేది పైనీటి వేగమేనని మరవకండి, అడుగున తక్కువుంటుంది.

నాలుగు మూలలా నాలుగు వేవ్ మేకర్లు, అంటే నీళ్లను తోసే చిన్న పంపులు, ఎదురెదురు పెడితే అది సుడిగుండమే అవుతుంది, చేప ఎటు ఎదురెక్కాలి? నీళ్లు ఒకే వైపు సాగాలి. పంపులన్నీ ఒక చివర, స్పాంజి కట్టిన పీల్చే గొట్టాలు రెండో చివర, రెంటినీ కలుపుతూ ఇసుక కింద పీవీసీ పైపులు. మధ్యలో ఒక బండ పెట్టండి. దాని చాటున నీరు నిమ్మళంగా ఉంటుంది, అలిసిన చేప అక్కడ ఆగుతుంది.

ఇంకో మాట. 15 డిగ్రీల నీటిలో లీటరుకి 10 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. మన ఎండాకాలం 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే. పైనీరు కదులుతుంటేనే అది నిలుస్తుంది. కరెంటు పోతే? ఇన్వర్టర్‌కి టీవీ కాదు, ముందు పంపు కలపండి.

అన్ని వేట చేపలకీ ఇది పనికిరాదు. అలిగేటర్ గార్, అరపైమా పైకొచ్చి గాలి పీల్చే నిదానపు నీటి చేపలు, వాటికి ఒరవడి హింస. పెంచలేకపోతే మాత్రం ఏ చేపనీ చెరువులో వదలకండి, మీకు దండం పెడతాను. అక్వేరియంల నుంచి వచ్చిన సక్కర్ చేపలు మన జాలర్ల వలలు చింపుతున్నాయి.

మొన్న ఒక బాబు ఫోన్ చేసి, పయారాకి అడ్వాన్స్ ఇచ్చానన్నాడు. పంపులు కొన్నావా అంటే, చేప వచ్చాక చూస్తానన్నాడు. ఈ హాల్లోనే ఉన్నాడు. బాబూ, ఆ డబ్బా నీ దాకా వచ్చిందా? చేప తెచ్చుకోవడం రెండు నెలలు ఆపించు. సభ అయ్యాక ఉండు, పైపులు ఎలా వెయ్యాలో బొమ్మ గీసిస్తాను.