పేరు మోసిన బ్రాండ్‌కి గూగుల్ ప్రకటన ఎందుకు?

శ్రోతలందరికీ నమస్కారం.

లూయీ విటాన్ అనే పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1854లో పారిస్‌లో ప్రయాణపు పెట్టెలు తయారుచేసే దుకాణంగా మొదలైంది. ఈరోజు దాని హ్యాండ్‌బ్యాగ్ ఒకటి కొనాలంటే చాలా ఇళ్లలో కొన్ని నెలల జీతం పెట్టాలి. ఇలాంటి కంపెనీ, లేదా పెర్ఫ్యూములు, హ్యాండ్‌బ్యాగులు అమ్మే షానెల్, వాచీల కంపెనీ రోలెక్స్ లాంటివి, గూగుల్‌లో ప్రకటనలకు డబ్బు కట్టాల్సిన అవసరం ఉందా? కావాలనుకున్నవాళ్లు ఎలాగూ పేరు టైప్ చేసి వెతుక్కుంటారు కదా? మార్కెటింగ్ చేసేవాళ్ల మధ్య ఈ వాదన ఎప్పటినుంచో నడుస్తోంది. నేను మాత్రం కొనేవాళ్ల వైపు నుంచి మాట్లాడతాను. ఎందుకంటే కంపెనీలు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకుంటే చివరికి నష్టపోయేది కొనేవాళ్లే.

ముందుగా ఇది ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. గూగుల్ తన ప్రకటనల పద్ధతిని 2000 అక్టోబరులో మొదలుపెట్టింది. మనం ఏదో ఒక మాట వెతికిన ప్రతిసారీ వెనకాల క్షణంలో ఒక వేలం జరుగుతుంది. ఆ మాటకు, అంటే కీవర్డ్‌కి, ఎవరెంత పాడారు, వాళ్ల ప్రకటన మనం వెతికినదానికి ఎంత దగ్గరగా ఉంది అన్నవి రెండూ చూసి, గెలిచినవాళ్ల ప్రకటనను పైన చూపిస్తారు. దానికి స్పాన్సర్డ్ అని గుర్తు ఉంటుంది. మనం దాన్ని నొక్కితే ఆ కంపెనీ గూగుల్‌కి డబ్బు కట్టాలి. కింద ఉండే మామూలు ఫలితాలకు మాత్రం ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు.

మరి కంపెనీ పేరే టైప్ చేసి వెతికితే, కింద ఉచితంగా దాని సైటే మొదట వస్తున్నప్పుడు, పైన డబ్బు కట్టి అదే సైట్ పెట్టడం దేనికి? ఆన్‌లైన్లో సరుకులు అమ్మిపెట్టే ఈబే సంస్థ 2012లో దీన్ని నిజంగా పరీక్షించి చూసింది. యాహూలోనూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లోనూ ఈబే అనే పేరు మీద ఇచ్చే ప్రకటనలు ఆపేసింది. ఏం జరిగిందంటే, ప్రకటన మీద నొక్కే జనం కింద ఉన్న ఉచిత లింకు మీద నొక్కి లోపలికి వచ్చారు. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం అలా తిరిగి వచ్చేశాయి. ఆర్థికవేత్తలు బ్లేక్, నాస్కో, టడేలిస్ చేసిన ఈ అధ్యయనం 2015లో ఎకనామెట్రికా పత్రికలో వచ్చింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ సైట్ బింగ్‌లో వేలాది బ్రాండ్ల మీద చేసిన మరో అధ్యయనంలోనూ ఇలాంటి ఫలితమే కనిపించింది. పోటీ ప్రకటనలు లేనిచోట సొంత పేరు మీద ప్రకటన ఇస్తే సైట్‌కి వచ్చేవాళ్లు పెరిగేది ఒకటి నుంచి నాలుగు శాతమే. పేరు ఎంత పెద్దదైతే ఆ పెరుగుదల అంత తక్కువ.

ఇంతవరకు వింటే, పెద్ద బ్రాండ్లు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు అనిపిస్తుంది. పోటీ లేనిచోట నా అభిప్రాయమూ అదే. చిక్కల్లా పోటీ ఉన్నచోట వస్తుంది. లగ్జరీ బ్రాండ్ల విషయంలో ఆ పోటీ మరో బ్రాండ్ నుంచి రావడం తక్కువ, నకిలీ సరుకు అమ్మేవాళ్ల నుంచి రావడం ఎక్కువ.

ఫ్రాన్స్‌లో 2003 ప్రాంతంలో ఇదే జరిగింది. లూయీ విటాన్ అని వెతికితే, పైన ప్రకటనల్లో నకిలీలు అమ్మే సైట్లు కనిపించాయి. ఆ పేరు పక్కన కాపీ, ఇమిటేషన్ లాంటి మాటలు కలిపి కూడా ప్రకటనలు ఇచ్చుకునే వీలు ఉండేది. ఒకరి దుకాణం గుమ్మంలోనే నిలబడి, లోపలికి వెళ్లబోయేవాళ్లని చెయ్యి పట్టుకుని పక్క సందులోకి తీసుకెళ్లడం లాంటిది ఇది. కంపెనీ గూగుల్ మీద కేసు వేసింది. కింది కోర్టుల్లో గెలిచింది. విషయం లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2010 మార్చి 23న తీర్పు వచ్చింది. ఒకరి ట్రేడ్‌మార్క్‌ను కీవర్డ్‌గా అమ్మినంత మాత్రాన గూగుల్ ఆ ట్రేడ్‌మార్క్‌ను ఉల్లంఘించినట్టు కాదని కోర్టు అంది. అయితే ఆ ప్రకటన చూసిన మామూలు మనిషికి సరుకు ఎవరిదో సులువుగా అర్థం కాకపోతే, ప్రకటన ఇచ్చినవాడి మీద బ్రాండ్ చర్య తీసుకోవచ్చని చెప్పింది. 2014లో లూయీ విటాన్ మాతృసంస్థ ఎల్‌వీఎంహెచ్, గూగుల్ రాజీకి వచ్చి, నకిలీ ప్రకటనల మీద కలిసి పనిచేస్తామని ప్రకటించాయి. మొదటి కేసు నుంచి అక్కడికి పదకొండేళ్లు పట్టింది.

మన దేశంలోనూ ఇలాంటి కేసులు నడిచాయి. ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీ ఒకటి పెట్టిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో తీర్పు ఇస్తూ, ఈ ప్రకటనల వ్యాపారంలో గూగుల్ ఊరికే చూస్తూ కూర్చున్న మధ్యవర్తి కాదని, చురుగ్గా పాల్గొంటున్న సంస్థ అని చెప్పింది. మంచి మాటే. కాకపోతే ఈరోజు రాత్రి ఎవరో ఒక నకిలీ సైట్‌లో కార్డు నంబరు కొట్టబోతుంటే, ఆ తీర్పు వచ్చి ఆపదు.

నకిలీకి మన దగ్గర ఫస్ట్ కాపీ అని పేరు. తెలిసి తెలిసి కొనుక్కునేవాళ్ల గురించి నేను మాట్లాడటం లేదు. అసలుదే అనుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్ల గురించే నా బెంగ. మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురో మరదలో వస్తుందంటే, వస్తూ వస్తూ ఒక మంచి బ్యాగ్ తెమ్మంటాం. అక్కడ కోచ్ లాంటి బ్రాండ్లకు అవుట్‌లెట్ స్టోర్లు ఉన్నాయి, వాటిలో నిజంగానే ధర తగ్గించి అమ్ముతారు. దాంతో అన్ని బ్రాండ్లకూ ఎక్కడో ఒకచోట అవుట్‌లెట్ ఉంటుందని మనం అనుకుంటాం. లూయీ విటాన్ అవుట్‌లెట్ అనో, లూయీ విటాన్ సేల్ అనో వెతుకుతాం. నిజానికి ఆ కంపెనీకి అవుట్‌లెట్లు లేవు. డిస్కౌంట్ సేల్ పెట్టదు. తన సొంత స్టోర్లలో, సొంత సైట్‌లో తప్ప కొత్త సరుకు ఎక్కడా అమ్మదు. అంటే కొత్త సరుకు మీద డెబ్బై శాతం తగ్గింపు అని ఎవరైనా ప్రకటన ఇస్తే, ఇంకేమీ చూడకుండానే అది మోసమని చెప్పేయొచ్చు. ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే ఎంతమంది డబ్బు మిగిలేదో.

అందుకే నేననేది, పెద్ద బ్రాండ్లు డబ్బు పెట్టాల్సింది ఉత్త పేరు మీద కాదు. పేరు పక్కన జనం కలిపి టైప్ చేసే మాటల మీద పెట్టాలి. సేల్, అవుట్‌లెట్, ఒరిజినలా కాదా ఎలా గుర్తుపట్టాలి, ధర ఎంత, రిపేర్ ఎక్కడ చేస్తారు. ఈ మాటలు కొట్టినవాళ్లకు మొట్టమొదట కంపెనీ గొంతే వినిపించాలి. మాకు అవుట్‌లెట్లు లేవు, మా స్టోర్లు ఇవి, ఇక్కడ తప్ప కొనకండి అని చెప్పే ప్రకటనకు పెట్టే ఖర్చు, ఫ్యాషన్ పత్రికలో ఒక నిండు పేజీకి పెట్టే ఖర్చు కంటే నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. పైగా సొంత పేరుతో ముడిపడ్డ మాటలకు ఆ కంపెనీ ప్రకటనే అందరికంటే దగ్గరగా సరిపోతుంది కాబట్టి, వేలంలో ధర కూడా మామూలుగా తక్కువే పడుతుంది.

మేము ఆన్‌లైన్లో అమ్మనే అమ్మం, మాకు సెర్చ్‌తో పనేమిటి అనే వాదన ఒకటి ఉంది. షానెల్ పెర్ఫ్యూములు, మేకప్ సామాన్లు ఆన్‌లైన్లో అమ్ముతుంది కానీ హ్యాండ్‌బ్యాగులు అమ్మదు. రోలెక్స్ వాచీలు అధీకృత డీలర్ల దగ్గరే దొరుకుతాయి, కంపెనీ సైట్‌లో కొనలేం. అది వాళ్ల వ్యాపార పద్ధతి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ కొనేది షాపులోనే అయినా, షాపుకి వెళ్లేముందు మనిషి ఫోన్‌లో వెతుకుతాడు. ఆన్‌లైన్లో అమ్మని వస్తువుకి ఈ వెతుకులాట ఇంకా ముఖ్యం. ఎందుకంటే కంపెనీ అమ్మకపోయినా, అమ్ముతామని చెప్పేవాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. సెకండ్ హ్యాండ్ వాచీల్లో రోలెక్స్ ఈ సంగతి గ్రహించినట్టుంది. 2022 డిసెంబరులో, తన డీలర్ల ద్వారానే పాత వాచీలను పరీక్షించి, సర్టిఫికెట్‌తో అమ్మే ఏర్పాటు మొదలుపెట్టింది. అసలుదని కంపెనీయే హామీ ఇచ్చే చోటు ఒకటి ఉందని వెతికేవాళ్లకు తెలిస్తేనే కదా అటు వెళ్తారు.

డబ్బు కట్టక్కర్లేని పని కూడా చాలా ఉంది, అందులోనే ఈ కంపెనీలు బద్ధకిస్తాయి. పెద్ద పెద్ద ఫోటోలు, రెండు పొడి మాటలు పెట్టి సైట్ అందంగా ఉందని సంతోషిస్తే చాలదు. ధర ఇంత, ఈ తోలు ఇది, కుట్టు ఊడితే ఇక్కడికి తెండి అని మామూలు మాటల్లో రాసి ఉంటేనే సెర్చ్ ఇంజిన్ దాన్ని చదివి చూపించగలదు. కొన్ని సైట్లలో ధర కావాలంటే సంప్రదించండి అని ఉంటుంది. హైదరాబాద్‌లో మొదటిసారి ఒక ఖరీదైన వాచీ కొనుక్కుందామనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సంప్రదించడు. ధర రాసి ఉన్న ఇంకో సైట్‌కి వెళ్తాడు. అది అసలు సైటో కాదో ఆ క్షణంలో అతనికి తెలియదు.

వినేవాళ్లు చేయగలిగిన పనులు చెప్పి ముగిస్తాను. స్పాన్సర్డ్ అని ఉన్న లింకు నొక్కేముందు సైట్ అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. ఆ కంపెనీ అసలు ఆన్‌లైన్లో అమ్ముతుందా, మన ఊళ్లో దాని డీలర్ ఎవరు అన్నది కంపెనీ సొంత సైట్‌లోని స్టోర్ల పట్టికలో చూసుకోండి. ప్రకటన మోసమనిపిస్తే, దాని పక్కన ఉండే మూడు చుక్కలు నొక్కి గూగుల్‌కి రిపోర్ట్ చేయండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి, ఆలస్యమూ చేయకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930. ఎంత తొందరగా ఫోన్ చేస్తే, మీ డబ్బు చేతులు మారకుండా ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. సరుకు విషయంలో ఫిర్యాదు అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నమస్కారం.