లిటిల్ మోర్టన్ హాల్: వంగినా విరగని ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

వాయవ్య ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో, కాంగిల్టన్ పట్టణానికి సమీపాన, చుట్టూ నీటి కందకం ఉన్న ఒక కొయ్య భవనం ఉంది. దాని పేరు లిటిల్ మోర్టన్ హాల్. అందులో నిటారైన గోడను గాని, సమంగా ఉన్న నేలను గాని చూడాలంటే కొంచెం వెతుక్కోవలసిందే.

పదహారో శతాబ్దపు తొలి ఏళ్లలో మోర్టన్ అనే భూస్వాముల కుటుంబం మొదలుపెట్టిన ఈ కట్టడం, సుమారు 1610 వరకు, ముంగిలి చుట్టూ విడతలు విడతలుగా పెరిగింది. ఓక్ దూలాలను ఒకదానిలో ఒకటి చొప్పించి, కొయ్య చీలలతో బిగించి చట్రం నిలిపారు. నడుమ ఖాళీలను తడికలతో, మట్టితో పూడ్చారు. ముంగిలి వైపున్న పెద్ద కిటికీలపై 1559 నాటి చెక్కడం ఒకటి ఉంది. వాటిని విలియం మోర్టన్ చేయించాడని, రిచర్డ్ డేల్ అనే వడ్రంగి దైవకృపతో చేశాడని అందులో రాసి ఉంది. యజమాని పేరుతో పాటు పనివాడి పేరూ నిలవడం నాకెంతో నచ్చిన విషయం.

అయితే ఈ ఇంటి అసలు కథ దాని నెత్తిమీద ఉంది. దక్షిణ భాగంలో అన్నిటికంటే పైన, 68 అడుగుల పొడవున, రెండు వైపులా కిటికీల వరుసలతో ఒక లాంగ్ గ్యాలరీ ఉంది. వానరోజుల్లో ఇంటివారు నడవడానికి, ఆడుకోవడానికి వాడే చోటు అది. గోడ చెక్కల వెనుక పాతకాలపు టెన్నిస్ బంతులు కూడా దొరికాయి. ఈ గ్యాలరీ మొదటి ఆలోచనలో లేదని, తరువాత చేర్చినదని నిపుణులు భావిస్తారు. దానిపైన కప్పినవి బరువైన ఇసుకరాతి పలకలు. ఇంత బరువును మోయాలని కింది చట్రాన్ని కట్టిన వడ్రంగులు అనుకోలేదు. అందుకే దూలాలు వంగాయి, గోడలు ఉబ్బాయి, గ్యాలరీ నేల ఎగుడుదిగుడైంది. వంగింది గాని విరగలేదు. రాతి గోడైతే పగుళ్లు చూపేది. కొయ్య అతుకులు మాత్రం బరువుకు తగ్గట్టు కొద్దికొద్దిగా సర్దుకున్నాయి. తరువాతి కాలంలో ఉక్కు కడ్డీలు కూడా అమర్చారు.

ఇంతకాలం ఎవరూ దీన్ని కూల్చి కొత్తది కట్టలేదెందుకు? డబ్బు లేక. 1642లో మొదలైన అంతర్యుద్ధంలో రాజు పక్షాన నిలిచిన మోర్టన్లు అప్పులపాలయ్యారు. కలిగిన భూస్వాములు ఎందరో పాత కొయ్య ఇళ్ల స్థానంలో ఇటుకతో, రాతితో కొత్త భవనాలు లేపుతుంటే, ఈ ఇల్లు కౌలు రైతుల చేతిలో పాతదిగానే ఉండిపోయింది. 1938లో, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలోకి వచ్చింది. నా దృష్టిలో ఆ పేదరికం చేసిన మేలు ఏ సంరక్షణ చట్టమూ చేసి ఉండేది కాదు.

ఇంగ్లండులో ఉన్నవారు, అక్కడికి వెళ్లేవారు ఈ ఇంటిని చూడబోతే ఒక్క మాట. వెంటనే లోపలికి వెళ్లకండి. కందకం ఇవతలే నిలబడి, ముందు కప్పు మీది రాతి పలకలను, ఆ తరువాత వాటి కిందనున్న దక్షిణపు గోడను చూడండి. ఆ వరుసలో చూస్తే, ఏ దూలం ఎందుకు వంగిందో గైడు చెప్పకముందే మీకు అర్థమవుతుంది.

సెలవు.