విశాఖ నుంచి తిరుపతికి ఒక దారప్పోగు

శ్రోతలకు నమస్కారం. విశాఖ నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు పడుతుందో ఈ పూట చూద్దాం.

ఇంట్లో పిల్లల అట్లాసు ఉంటే ఒకసారి తీసి, ఆంధ్రప్రదేశ్ పటం ముందు పెట్టుకోండి. ఒక దారప్పోగు తీసుకుని, ఒక కొస విశాఖపట్నం మీద, రెండో కొస తిరుపతి మీద ఆనించి బిగించి పట్టుకోండి.

నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు ఆశ్చర్యపోయాను. దారానికి విజయవాడ తగల్లేదు. ఒంగోలూ తగల్లేదు. అది పూడిమడక ప్రాంతంలో నేలను వదిలి సముద్రం మీదికి పోయింది. కోనసీమ అంచును ఒరుసుకుని, మళ్లీ నీళ్ల మీదే సాగి, కృష్ణపట్నం దగ్గర గానీ గట్టెక్కలేదు. ఒంగోలుకు సూటిగా తూర్పున చూస్తే, దారం తీరం నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉంది!

మన తీరం విల్లులా వంగి ఉంది. రైలు ఆ వంపు పట్టుకుని రాజమండ్రి, బెజవాడ, ఒంగోలు, నెల్లూరు, గూడూరు తిరిగి వెళ్లాలి. సుమారు 740 కిలోమీటర్లు. రాత్రంతా ప్రయాణం. మన దారం ఆ విల్లుకు కట్టిన నారి. విశాఖ విమానాశ్రయం నుంచి తిరుపతి పక్కనున్న రేణిగుంట విమానాశ్రయానికి దాని పొడవు దాదాపు 600 కిలోమీటర్లే. పైలట్లు అచ్చంగా ఈ గీత మీదే నడపరు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులు ఉంటాయి కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

మరి 600 కిలోమీటర్లకు ఎంతసేపు? జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్లు దాటి పోతుంది. ఆ లెక్కన ముప్పావు గంట చాలాలి. చాలదు. పది కిలోమీటర్ల ఎత్తు నుంచి కిందికి రావడానికే, ఇంకా 180 కిలోమీటర్ల దూరం ఉండగానే దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడానికీ దాదాపు అంతే. ఇక పూర్తి వేగంతో పోయేది మధ్యలో కాసేపే. రన్‌వే దాకా పోవడం, దిగాక నిలిచే చోటికి రావడం కూడా టికెట్టు మీది సమయంలో కలిసే ఉంటాయి. అందుకే గంట, గంటంబావు అని వేస్తారు. రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న ఏటీఆర్ విమానమైతే దాని వేగం సుమారు 500 మాత్రమే, గంటన్నర అనుకోండి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది పెద్దవాళ్లను దర్శనానికి తీసుకెళ్లే వారికి. గంట ప్రయాణమే కదా అని దర్శనం వేళకు దగ్గరగా టికెట్టు కొనకండి. విమానం బయలుదేరడానికి గంట ముందే చెక్-ఇన్ కౌంటరు మూసేస్తారు, దానికంటే గంట ముందు చేరుకోవాలి. రేణిగుంటలో దిగాక సామాను కోసం నిలబడాలి. అక్కడి నుంచి తిరుపతి ఊళ్లోకి, అలిపిరి తనిఖీ, ఆపైన ఘాట్ రోడ్డు. గుమ్మం దాటిన దగ్గర నుంచి కొండ మీదికి చేరేసరికి ఆరు గంటలు చేతిలో పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మో, మామ్మో ఉంటే వీల్‌చైర్ కావాలని టికెట్టు కొనేటప్పుడే చెప్పండి. వీలైతే ముందు రోజే వెళ్లి, ఆ రాత్రి వాళ్లను హాయిగా పడుకోనివ్వండి.