బ్లడ్ రిలేషన్స్: వరస కలపడం వచ్చినవాళ్లకి ఎందుకు తప్పుతోంది?

[స్క్రీన్ మీద: పెళ్లి భోజనాల పంక్తి]

పెళ్లిలో ఎవరో ముసలాయన పక్కన కూర్చుంటాడు. "ఎవరి తాలూకు నాయనా?" అంటాడు. పప్పులో నెయ్యి పడేలోపు వరస కలిపేస్తాడు: "అయితే నాకు మనవడి వరసరా నువ్వు!"

ఇలాంటి ఇళ్లలో పుట్టిన మనం పరీక్షలో 'అంకుల్', 'కజిన్' చూడగానే తడబడతాం. ఇవాళ ఆ ఒక్క టాపిక్కే, బ్లడ్ రిలేషన్స్, అంటే చుట్టరికాల ప్రశ్నలు.

రైల్వే ఎన్టీపీసీ (నాన్ టెక్నికల్ ఉద్యోగాల పరీక్ష) మొదటి దశలో 90 నిమిషాలకి 100 ప్రశ్నలు, అందులో రీజనింగ్‌వి 30. ఒక్కోదానికి 54 సెకన్లు. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. కాబట్టి చుట్టరికాల చెట్టు గీయడం చేతికి అలవాటైపోవాలి.

[స్క్రీన్ మీద: తెల్ల కాగితం, పెన్ను]

మగవాళ్లకి ప్లస్, ఆడవాళ్లకి మైనస్. భార్యాభర్తల మధ్య రెండు గీతలు, తోబుట్టువుల మధ్య ఒకటి. తరం మారితే కాగితం మీద అడ్డవరుస మారాలి, తాతలు పైన, మనవలు కింద. అంతే.

ఇప్పుడు లెక్క. ఫొటోలో అబ్బాయిని చూపిస్తూ రవి అన్నాడు: "వీడి అమ్మ, మా నాన్న వాళ్ల అమ్మకి ఒక్కగానొక్క కూతురు."

'మా' దగ్గర వేలు పెట్టండి. అక్కడ ఉన్నది రవి. నాన్న, ఒక మెట్టు పైకి. నాన్న వాళ్ల అమ్మ, ఇంకో మెట్టు పైకి, నాయనమ్మ. ఆవిడ కూతురు, ఒక మెట్టు కిందకి. ఎవరు? మేనత్త! మేనత్త కొడుకంటే కజిన్. టిక్ పెట్టేయండి.

గమనించారా, తెలుగు వాక్యంలో 'మా' నుంచి ముందుకి నడిస్తే సరిపోయింది. అదే ఇంగ్లీషులో 'ఆఫ్'లు వరసగా వస్తే చివర్నుంచి వెనక్కి రావాలి. చాలామంది బోల్తా కొట్టేది ఇక్కడే.

మరి మన వరసలే ముంచే చోటు కూడా ఉంది. మేనత్త కొడుకు అనగానే మీ మనసు 'బావ' అనేసింది కదా? రవికంటే చిన్నవాడైతే బావమరిది. వయసు ప్రశ్నలో లేదు, మనమే కలిపాం. మేనరికం కూడా అంతే. మన ఇళ్లలో అక్క కూతురే భార్య కావచ్చు, పేపర్‌లో చెప్పకపోతే అలా అనుకోకూడదు.

[స్క్రీన్ మీద: 'సిస్టర్ ఇన్ లా' అన్న ఒక డబ్బా, దానిలోంచి నాలుగు బాణాలు]

వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు. మనకి నాలుగు మాటలు, ఇంగ్లీషుకి ఒకటే. తిరగేసి చూస్తే 'అత్త' అన్న మాటకి నాన్న చెల్లెలు, మేనమామ భార్య, భార్య తల్లి, ముగ్గురూ పలుకుతారు! తెలుగు ప్రశ్నలో 'అత్త' కనబడి అనుమానం వస్తే ఇంగ్లీషు ప్రశ్న చూడండి. రెండిటికీ తేడా ఉంటే రైల్వే బోర్డు లెక్కలోకి తీసుకునేది ఇంగ్లీషునే.

ఇక కోడ్ లెక్కలు, అంటే చుట్టరికాలని గుర్తులతో ఇచ్చేవి. ఇక్కడి ప్లస్, మైనస్ ప్రశ్నలో ఇచ్చినవి, చెట్టులో మనం పెట్టుకున్నవి కావు. 'కె ప్లస్ ఎల్' అంటే ఎల్‌కి కె తల్లి. 'ఎల్ మైనస్ ఎం' అంటే ఎంకి ఎల్ సోదరుడు. కె ప్లస్ ఎల్ మైనస్ ఎం అని ఇచ్చి, కెకి ఎం ఏమవుతారు అని అడిగారు. కొడుకు అంటారా? ఎల్ మగాడని తెలుసు, ఎం సంగతి ఎవరు చెప్పారు? కొడుకో కూతురో తేలదు. 'చెప్పలేం' అన్న ఆప్షన్ ఇలాంటప్పటికే. పేర్లతోనూ ఇదే చిక్కు, కిరణ్ అబ్బాయే అవ్వాలని ఏముంది?

చివరగా ఒకటి మీకు. ఫొటో చూపిస్తూ సీత అంది: "ఈవిడ మా ఆయన వాళ్ల అమ్మకి ఒక్కగానొక్క కోడలు."

ఎవరావిడ? 54 సెకన్లు. చెట్టు గీశాకే కామెంట్ పెట్టండి.

[స్క్రీన్ మీద: గడియారం తిరగడం మొదలు]