గిన్నెలు తోమిన చేతులు, గీత చెప్పిన గొంతు: స్వామి రంగనాథానంద

[తెర మీద: దోమలగూడ రామకృష్ణ మఠం గేటు, పొద్దున్న వేళ]

నమస్కారం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఈ గేటుని పరిచయం చేయక్కర్లేదు. ఇంగ్లీషు నేర్చుకుందామనో, లైబ్రరీలో కూర్చుని చదువుకుందామనో, సాయంత్రం ఆరతి చూద్దామనో ఎప్పుడో ఒకసారి లోపలికి వెళ్లే ఉంటారు. నేనూ అలాగే వెళ్లాను, చేతిలో ఉద్యోగం లేని టెన్షన్‌తో. ఈ మఠాన్ని నిలబెట్టిన మనిషి ఎవరో తెలుసుకోవడానికి మాత్రం నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆయన పేరు స్వామి రంగనాథానంద.

[తెర మీద: కేరళ పల్లె, కొబ్బరి తోటలు]

త్రిస్సూర్ దగ్గర త్రిక్కూర్ అనే ఊళ్లో 1908 డిసెంబర్ 15న పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు శంకరన్. బడిలో చదువుకునే రోజుల్లో శ్రీరామకృష్ణుల సంభాషణల పుస్తకం చేతికొచ్చింది. దాంతో మనసు అటే వెళ్లిపోయింది. 1926లో, పద్దెనిమిదేళ్లు కూడా నిండకుండానే, మైసూరు రామకృష్ణ ఆశ్రమంలో చేరిపోయారు. కాలేజీ గడప తొక్కలేదు.

చేరగానే ఆయనకి అప్పగించిన పని ఏమిటో తెలుసా? వంట. ఆ తర్వాత గిన్నెలు తోమడం, ఆశ్రమం శుభ్రం చేయడం. తర్వాత విద్యార్థుల హాస్టల్ బాధ్యత కూడా వచ్చింది. మైసూరు, బెంగళూరు కలిపి పన్నెండేళ్లు ఇలా గడిచాయి. మధ్యలో 1933లో సన్యాసం తీసుకున్నారు. దీక్ష ఇచ్చింది స్వామి శివానంద, అంటే శ్రీరామకృష్ణుల ప్రత్యక్ష శిష్యుడు.

ఈ పన్నెండేళ్ల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. జీవిత చరిత్రల్లో ఇలాంటి భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. నాకైతే మొత్తం కథ ఇక్కడే ఉందనిపిస్తుంది. తర్వాత యాభై దేశాలు తిరిగి ఉపనిషత్తులు వివరించిన మనిషి చదువంతా ఆ వంటింటి పనుల మధ్యే సాగింది. సంస్కృతం, ఉపనిషత్తులు, గీత, శాస్త్ర విజ్ఞానం, పాశ్చాత్య తత్వం. డిగ్రీ లేదు. చదువు మాత్రం ఆగలేదు.

[తెర మీద: పాత మ్యాపు. రంగూన్, కరాచీ, ఢిల్లీ]

1939లో బర్మాలోని రంగూన్ వెళ్లారు. అక్కడి రామకృష్ణ మిషన్‌కి కార్యదర్శి, గ్రంథాలయం చూసుకునేదీ ఆయనే. జపాన్ బాంబులు పడ్డాక, 1942లో శరణార్థులతో పాటు కాలినడకన భారతదేశం వైపు వచ్చేశారు. తర్వాత కరాచీ. అక్కడ ఆయన గీతా ప్రసంగాలు విన్న కుర్రాళ్లలో ఎల్.కె.అద్వానీ ఒకరు. దేశ విభజన తర్వాత, 1948లో, కరాచీ కేంద్రం మూతపడింది. 1949 నుంచి 1962 దాకా ఢిల్లీ, తర్వాత కొన్నేళ్లు కలకత్తా.

[తెర మీద: దోమలగూడ మఠం ఆవరణ]

1973లో హైదరాబాద్ వచ్చారు. అప్పటికి ఆయన వయసు 64. మనలో చాలామంది రిటైరై ఇంటి దగ్గర కూర్చునే వయసు. ఆయన కొత్తగా ఒక మఠాన్ని కట్టడం మొదలుపెట్టారు. గుడితో పాటు గ్రంథాలయం, ఉపన్యాసాలకి హాలు వచ్చాయి. 1979లో భాషలు నేర్పే సంస్థ మొదలైంది. సన్యాసుల మఠంలో ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్ నేర్పడం ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. ఆయన చెప్పిన వేదాంతం వింటే ఆ ప్రశ్న రాదు.

ఇక్కడ కాస్త ఆగి వినండి. గీత రెండో అధ్యాయం 50వ శ్లోకంలో "యోగః కర్మసు కౌశలమ్" అనే మాట ఉంది. పనిలో నేర్పు చూపడమే యోగం అని మనకి తెలిసిన అర్థం. స్వామీజీ దీన్ని రెండు వైపుల నుంచి చూపించేవారు. బయట చేసే పని బాగా జరగాలి, అది ఒక నేర్పు. ఆ పని చేస్తూ చేస్తూ మనిషి లోపల కూడా ఎదగాలి, అది రెండో నేర్పు. ఒక గుమాస్తా ఫైలు త్వరగా పూర్తిచేస్తాడు, కానీ ఇంటికెళ్లేసరికి చిరాకు, అసూయ మాత్రమే మిగిలాయనుకోండి. అప్పుడు సగం పనే జరిగినట్టు. ఈ ఉదాహరణ నాది, భావం ఆయనది. ఏళ్ల తరబడి వంటపని చేస్తూ ఎదిగిన మనిషి ఈ శ్లోకం చెబితే ఆ మాటకి వేరే బరువు ఉంటుంది.

నాలుగో అధ్యాయంలోని "రాజర్షి" అనే మాట కూడా ఆయనకి ప్రాణం. చేతిలో అధికారం ఉండాలి, మనసు ఋషిలా ఉండాలి. ప్రజాస్వామ్యంలో అధికారులకి, ఉపాధ్యాయులకి, ఓటు వేసే ప్రతి మనిషికీ ఇది వర్తిస్తుందని ఆయన నమ్మారు. అందుకే అడవుల్లో తపస్సు గురించి కన్నా ఆఫీసుల్లో ప్రవర్తన గురించి ఎక్కువ మాట్లాడారు.

[తెర మీద: బేలూరు మఠం, గంగ ఒడ్డు]

ఇరవై ఏళ్లు హైదరాబాద్‌లో ఉండి, 1993లో కోల్‌కతా దగ్గరి బేలూరు వెళ్లారు. రామకృష్ణ మఠం ప్రధాన కేంద్రం అక్కడే ఉంది. 1998లో రామకృష్ణ మఠం, మిషన్‌లకి 13వ అధ్యక్షులయ్యారు. 2000లో కేంద్ర ప్రభుత్వం ఆయనకి పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆయన తీసుకోలేదు. ఆ పురస్కారం మిషన్‌కి కాకుండా వ్యక్తిగా తనకి ఇచ్చారన్నదే కారణం. అంతకుముందు ఇందిరా గాంధీ జాతీయ సమైక్యతా పురస్కారం, గాంధీ శాంతి బహుమతి మిషన్‌కి వచ్చినవి కాబట్టి అందుకున్నారు.

2005 ఏప్రిల్ 25న, 96 ఏళ్ల వయసులో, కోల్‌కతాలో కన్నుమూశారు.

[తెర మీద: మఠం గ్రంథాలయంలో చదువుకుంటున్న కుర్రాళ్లు]

ఆయన ప్రసంగాల రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతాయి. కొత్తగా వినేవాళ్లు ఇందాక చెప్పిన 50వ శ్లోకం దగ్గర మొదలుపెట్టండి. ఇంగ్లీషులోనే ఉంటుంది కానీ భయపడొద్దు. ఒక్కో మాటా విడమర్చి చెబుతారు. భాషా క్లాసులో నిన్ననే చేరిన కుర్రాడు కూడా, రెండుసార్లు వింటే, పట్టుకోగలడు.